కోటేశ్వరి సమాధిలోని రైలు మేకులు

ఓల్డ్ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్,
9 సెప్టెంబరు 1963.

రైల్వే భూములు, కాలనీల వ్యవహారములు చూచు అధికారి గారి సముఖమునకు,

వర్క్‌షాపులో ఛార్జిమన్‌గా పనిచేసి కాలం చేసిన సనపల గంగాధరరావు గారి భార్య, తెలుగు ప్రాథమిక పాఠశాలలో పనిచేసి రిటైరైన ఉపాధ్యాయురాలు లక్ష్మీకాంతం వ్రాసుకొన్న అర్జీ.

విషయం: రైల్వే వారి సొత్తయిన డాగ్ స్పైకులు ఒక స్త్రీ సమాధిలో దిగగొట్టబడి ఉన్నవి, ఈ నెల పదిహేడవ తేదీ మహాలయ అమావాస్యకు ముందుగా వాటిని పెరికించి తమ స్వాధీనం చేసుకొనుట గురించి.

అయ్యా,

జూలై నెలలో నేను తమ కార్యాలయానికి ఒక అర్జీ పెట్టుకున్నాను. కోటేశ్వరి అనే స్త్రీని మా వీధివారు చంపారని అందులో రాశాను. మనిషి చావు ఈ కార్యాలయం పరిధిలోనికి రాదని జవాబు వచ్చింది. జవాబు సరిగానే ఉంది. జీవితమంతా పిల్లలకు పాఠం చెప్పినదాన్ని. ప్రశ్న తప్పుగా వేస్తే జవాబు ఎలా వస్తుందో నాకు తెలుసు. కాబట్టి ఈసారి మనిషిని పక్కన పెట్టి మేకుల గురించి రాస్తున్నాను. మేకులు తమ పరిధిలోనివి.

తమరు తెలుగువారని విని తెలుగులోనే రాస్తున్నాను. నా కోరిక కూడా ముందే చెబుతాను. కోటేశ్వరి ఒక్కగానొక్క కూతురు రత్నం పలాస దగ్గర కాపురం ఉంటుంది. నిరుడు బాలింత కాబట్టి రాలేకపోయింది. ఈ మహాలయ అమావాస్యకు తల్లి సమాధి దగ్గర అన్నం ముద్ద పెట్టి దీపం వెలిగించడానికి ముందురోజే మెయిలు బండి దిగుతుంది. తల్లిని కొట్టి చంపారని ఆమెకు తెలుసు. మేకుల సంగతి తెలియదు. ఆమె కంట పడకముందే అవి అక్కడ లేకుండా పోవాలి. అర్జీ అంతా దీని కోసమే. మిగిలినవి కారణాలు.

1. రైలు పట్టాను కింది స్లీపరు చెక్కకు బిగించి పట్టే ఇనుప మేకును డాగ్ స్పైకు అంటారని తమకు నేను చెప్పనక్కరలేదు. నాలుగు పలకలు, జానెడు పొడవు, ఒక పక్కకు వంగిన తల. తల కింద రైల్వే వారి ముద్ర ఉంటుంది. అటువంటివి పదకొండు, క్రైస్తవుల శ్మశానం గోడకు బయట, రైల్వే భూమిలో, కోటేశ్వరిని పూడ్చిన చోట సమ్మెటతో కొట్టారు. పాదాల దగ్గర రెండు. మోకాళ్ల దగ్గర రెండు. చేతులకు చెరొకటి. రొమ్ము మీద నాలుగు. పదకొండవది నోరుండే చోట.

చచ్చిన చిల్లంగిది లేచి రాకుండా ఇనుము దించాలని మా వైపు కొందరి నమ్మకం. చిల్లంగి అంటే మా శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో చేతబడి. ఇక్కడి బెంగాలీలు అటువంటిదాన్ని డైనీ అంటారు. ఊళ్లలో అయితే కమ్మరి చేత మేకు కొట్టించేవారట. ఇక్కడ రైల్వే వారిది చేతికందుతుంది కాబట్టి రైల్వే వారిది వాడారు.

సమాధి కూడా అనుమతి లేకుండా రైల్వే భూమిలోనే ఉన్నదని ఒప్పుకుంటున్నాను. ఎక్కువ స్థలం పట్టలేదు. ఆమె పొట్టి మనిషి.

2. మృతురాలి గురించి. కోటేశ్వరి యాభై దాటిన మనిషి. భర్త యార్డులో ఖలాసీ. వ్యాగన్లు తగిలించేటప్పుడు రెండింటి మధ్య నలిగి పోయాడు. ఆ తరవాత ఆమె మా వరస క్వార్టర్ల వెనక రేకుల పాక వేసుకుని ఉండేది. ఇంటింటా పొయ్యి రాజేయడం ఆమె పని.

మా వీధిలో అందరివీ రాతిబొగ్గు పొయ్యిలు. షిఫ్టు కూత కూయకముందే మగవాళ్లు తిని బయలుదేరాలి. బొగ్గు ఒక పట్టాన అంటుకోదు. కోటేశ్వరి అందరికంటే ముందు లేచి, పెరటి తలుపు తోసుకుని వచ్చి, పొయ్యి రాజేసి వెళ్లిపోయేది. ఆడవాళ్లు లేచేసరికి నిప్పు కణకణలాడుతూ ఉండేది. ఏ ఇంట్లో మిగిలింది ఆ ఇంటివాళ్లు పెట్టేవారు. నిప్పు ఎలా వచ్చిందని ఎవరూ అడగలేదు.

ఇలా వచ్చింది. షెడ్డులో ఇంజన్లు తుడిచి పారేసే కాటన్ వేస్టును ఆమె చెత్తకుప్పలోంచి ఏరుకొచ్చేది. మిల్లుల్లో మిగిలిపోయిన రంగురంగుల నూలు చిక్కు అది. దాన్ని కాలిన నూనెలో నానబెట్టి, బిగించి చుట్టి, ముళ్లు వేసి, నిమ్మకాయంత ఉండలు చేసేది. వాటిని పొయ్యుండలనేది. వానకు తడవకుండా ప్రతి ఇంట్లోనూ పొయ్యి వెనక గోడ సందులో నాలుగేసి దాచేది. చెత్తలోంచి తెచ్చినా రైల్వే సొత్తే కదా, కాపలావాళ్లు చూస్తే పట్టుకుంటారని ఎవరితోనూ అనవద్దని నన్ను బతిమాలింది. ఆమె వచ్చేసరికే నేను లేచి ఉండే అలవాటుదాన్ని. అందుచేత నాకు ఒక్కదానికి తెలుసు.

కాటన్ వేస్టు తీసుకుపోవడం నేరమైతే, ఆ నేరానికి శిక్ష పూర్తయినదని మనవి.

3. నా మనవడు భీమశంకరం నాలుగేళ్లవాడు. నిరుడు శ్రావణంలో గొంతు వాచి జ్వరపడ్డాడు. కోటేశ్వరి వాణ్ణి పుట్టినప్పటి నుంచి ఎత్తుకుని తిప్పిన మనిషి. వాడు నా చేత కూడా నోరు తెరిపించుకోలేదు. ఆమె గడ్డం కింద వేలు పెట్టి నవ్విస్తే తెరిచాడు.

"గొంతుకలో తెల్లగా పొర కట్టీసినాది పంతులమ్మా. ఆస్పత్రికి ఎత్తుకెల్లిపోండి" అన్నది.

నేనూ అదే అన్నాను. నా కొడుకు వెంకటరావు వర్క్‌షాపులో ఫిట్టరు. వాడు మా మాట వినలేదు. పక్క క్వార్టరు జగ్గారావు మాట విన్నాడు. జగ్గారావు కమ్మరి షాపులో సమ్మెట కొట్టేవాడు. చెయ్యి ఎంత బరువో గొంతు అంత పెద్దది. ఇది గాలి సోకడమని అతడు తేల్చి, ఖరిదా నుంచి భద్రయ్య అనే మంత్రగాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. భద్రయ్య వేపమండలతో పిల్లవాణ్ణి బాదాడు. ఊపిరందని ముఖానికి ఎండుమిరపకాయల పొగ పట్టాడు. నేను అడ్డం పడితే నా కొడుకే నన్ను లాగి పక్కన కూర్చోబెట్టాడు. ఇదంతా రెండు రోజులు సాగింది. పెదవులు నీలంగా మారాక ఆస్పత్రికి తీసుకువెళ్లాం. డాక్టరుగారు కంఠసర్పి అని చెప్పారు. నిన్న తెచ్చి ఉంటే బతికేవాడన్నారు.

బాబు నా ఒళ్లో పోయాడు. ఈ సంగతి ఈ అర్జీకి అవసరం లేదు. రాశాను కాబట్టి ఉంచుతున్నాను.

4. నిన్న తెచ్చి ఉంటే అన్న మాట డాక్టరుగారు నా కొడుకు ముఖం మీదనే అన్నారు. ఆ మాట తన నెత్తి మీంచి దించడానికి వాడికి ఇంకొక మనిషి కావలసి వచ్చింది. భద్రయ్యకు అంతకంటే తొందరగా కావలసి వచ్చింది, పిల్లవాడు అతని చేతుల్లో ఉండగానే నీలంగా మారాడు కనుక. గొంతులో పొర ఉన్నట్టు దానికెలా తెలిసిందని భద్రయ్య అడిగాడట. వీధి ఆ ప్రశ్నను ఇంటింటికీ తిప్పింది.

బాబు పోయిన తరవాతి వారం, ఆదివారం మధ్యాహ్నం, భద్రయ్య మా వంటింట్లోకి వచ్చి, అంతా వెతికి, పొయ్యి వెనక సందులో చెయ్యి పెట్టి పొయ్యుండ తీశాడు. ఎర్రదారం, పచ్చదారం, నల్లటి జిడ్డు, ముళ్లు. ఆ జిడ్డుకు మా కోడలి తలవెంట్రుకలు నాలుగు అంటుకుని ఉన్నాయి. చూసుకోండి అని వీధిలోకి విసిరాడు. రోజూ అదే కాటన్ వేస్టుతో చేతులు తుడుచుకుని ఇంటికి వచ్చే మగవాళ్లందరూ ఆ ఉండ చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ గుర్తుపట్టలేదు. వారిలో ఒక్కరూ పొయ్యి వెలిగించి ఎరుగరు. ఇళ్లన్నీ వెతికారు. ప్రతి పొయ్యి వెనకా దొరికాయి. వీధి మొత్తానికి చిల్లంగి పెట్టిందన్నారు. కుప్ప పోసి నిప్పు ముట్టిస్తే భగ్గున మండాయి. అలా మండాయి కాబట్టి లోపల దయ్యం ఉన్నట్టేనన్నారు. నూనెలో నానినవి మండక ఏం చేస్తాయి?

అవి పొయ్యి వెలిగించే ఉండలని నేను చెప్పాను. అరిచి చెప్పాను. వెంకటరావు నా భుజం పట్టుకుని లోపలి గదిలోకి నెట్టాడు. వాడి పనిముట్ల పెట్టె నా మంచం కింద ఉంటుంది. వంగి అందులోంచి పట్టకారు తీశాడు.

"ఎందుకురా అది?" అని అడిగాను.

"పనుందమ్మా" అన్నాడు. బయట గొళ్లెం పెట్టాడు.

చిల్లంగిది మంత్రం పలకకుండా పళ్లు పీకడం మా జిల్లాల్లో పాత ఆచారం. చిన్నప్పుడు చెప్పుకుంటే విన్నాను. ఇప్పుడు తలుపు వెనక నుంచి విన్నాను. విన్నది విన్నట్టుగా రాస్తున్నాను.

పాక రేకులు ఊడదీశారు. ఆమెను జుట్టు పట్టి మా పెరట్లోకి ఈడ్చుకొచ్చారు. "నానేటి సేసినాను బాబూ" అన్నది. "గుంటణ్ణి మింగీసి ఏటి సేసినానంటావేటే" అని జగ్గారావు గొంతు. ఆ తరవాత దెబ్బలు. మెత్తటి దానిమీద కర్ర పడే చప్పుడు ఒకటి, ఎముక మీద పడే చప్పుడు ఇంకొకటి. అది సమ్మెట కామ అని తరవాత చూశాను. చీలిపోయి, వెంట్రుకలు అంటుకుని, మా కుళాయి దగ్గర పడి ఉంది. అప్పుడు ఆమె నన్ను పిలిచింది.

"పంతులమ్మా, పొయ్యుండలని నువ్వు సెప్పమ్మా. నీ మాటయితే ఇంటారు."

నేను చెప్పాను. తలుపు బాదుతూ చెప్పాను. పిడికిళ్లు పగిలి తలుపుకు రక్తం అంటేదాకా చెప్పాను. అంతలో నా కొడుకు గొంతు వినిపించింది.

"దవడ గట్టిగా పట్టుకోండి."

పళ్లను ఏటిలో కలపాలని భద్రయ్య చెప్పి ఉంటాడు, వాటిని పళ్లెంలో వేశారు. సత్తు పళ్లెం. మా బాబు అన్నం తినేది. దాని చప్పుడు నాకు తెలుసు. ఒక్కొక్కటి పడుతుంటే లెక్క పెట్టాను. ఆ గదిలో చేయగలిగింది నాకు ఇంకేమీ లేదు. పదిహేడు. కొన్నింటికి ఎక్కువసేపు పట్టింది. పోతున్నకొద్దీ ఆమె మాట మాటగా లేకుండా పోయింది. చివరికి అర్థమేమీ తెలియలేదు. నన్నే పిలుస్తోందని మాత్రం తెలిసింది.

తరవాత బూడిద దిబ్బ దగ్గరికి ఈడ్చుకుపోయి కాలిన బొగ్గు కరిగి గట్టిపడిన క్లింకరు గడ్డలతో కొట్టి చంపారు. అక్కడ ఆడవాళ్లు కూడా విసిరారని మా కోడలు శ్యామల చెప్పింది. తను విసరలేదని చెప్పింది. నేను అడగలేదు.

మర్నాడు పట్టకారు పెట్టెలో ఉంది. కడిగి, నూనె రాసి, గుడ్డలో చుట్టి ఉంది. పనిముట్టు శుభ్రంగా పెట్టుకోవాలని వాడికి నేర్పింది నేనే.

5. ఆ సోమవారం ఉదయం మా వీధిలో ఒక్క పొయ్యి కూడా సమయానికి వెలగలేదు. కిరసనాయిలు పోశారు, పేపర్లు కాల్చారు, దగ్గారు. వీధంతా పొగ. శ్యామల కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "పొయ్యి అంటుకోడం లేదత్తయ్యా" అన్నది. చంపినవాళ్లందరూ ఆ రోజు ఆకలితోనే పనికి వెళ్లారు. ఎందుకు అంటుకోలేదో అప్పటికైనా ఒక్కరికి తట్టవలసింది. అది కూడా ఆమె శాపమేనన్నారు.

పోలీసువారు వచ్చి అడిగితే, ఆ ఆదివారం వీధి వీధంతా ఖరిదాలో ఒకే మాటినీ ఆటకు వెళ్లినట్టు చెప్పారు. నేను ఉన్నదంతా చెప్పాను. నా కొడుకు పక్కనే నిలబడి, మనవడు పోయిన దగ్గర నుంచి మా అమ్మకు మతి స్థిమితం లేదని బెంగాలీలో చెప్పాడు. మతి స్థిమితంగానే ఉన్నదని నేనూ బెంగాలీలోనే చెప్పాను. ఒక ముసలిదాని మాట ఒకవైపు, వీధి మొత్తం మాట ఒకవైపు. ఎవరు కొట్టారో తేలలేదు.

శవపరీక్ష అయి శవం తిరిగి వచ్చాక మన శ్మశానంలోకి మావాళ్లు రానివ్వలేదు. క్రైస్తవుల శ్మశానం కాపలాదారు సొలొమోను గోడ బయట గుంట తవ్వాడు. అతనూ నేనూ తప్ప ఎవరూ లేరు. "ఏ ప్రార్థన సెయ్యమంటారమ్మగారూ" అని అడిగాడు. నీకు వచ్చిందే చెయ్యమన్నాను. మూడోనాడు పాలు పొయ్యడానికి వెళ్లేసరికి మేకులు దిగి ఉన్నాయి. కొత్తవి, తుప్పు కూడా పట్టలేదు.

6. అప్పటి నుంచి ప్రతి అమావాస్యకూ నేను మా బాబును పూడ్చిన చోటికి వెళ్తున్నాను. అక్కడ నుంచి కోటేశ్వరి దగ్గరికి వెళ్తున్నాను. మేకుల మధ్య చోటు చూసుకుని దీపం పెట్టి, మట్టి సర్ది వస్తాను. పిల్లవాణ్ణి తిన్నదాని దగ్గరికి పిల్లవాడి నాయనమ్మ ఎందుకు పోతుందని కుళాయి దగ్గర అడుగుతున్నారు. నేను బిందె పెడితే వాళ్ల బిందెలు పక్కకు జరుపుతున్నారు. జరిగిన దౌర్జన్యాలు:

(అ) మాఘమాసంలో వెనక నుంచి రాళ్లు. ఒక రాయి నోటికి తగిలి పైపన్ను ఒకటి పోయింది. విసిరిన వాళ్లలో నా దగ్గర చదువుకున్నవాళ్లు ఉన్నారు.

(ఆ) వేసవిలో సొలొమోను గడ్డపార తెచ్చి మేకులు పెరకబోయాడు. నోటి మీదది ముందు తియ్యమని నేనే అడిగాను. అది వచ్చింది. రెండోదానికి గడ్డపార వేస్తుండగా జగ్గారావూ మరికొందరూ వచ్చారు. సొలొమోను కుడి చెయ్యి శ్మశానం గోడ మీద పెట్టించి సమ్మెటతో కొట్టారు. మూడు వేళ్లు నుజ్జయ్యాయి. "ఇప్పుడు తవ్వు గోతులు" అని వెళ్లిపోయారు. అతను ఎడమ చేత్తో తవ్వుతున్నాడు.

(ఇ) ఈ శ్రావణ అమావాస్యకు నాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. వారిలో నా కొడుకు కూడా ఉన్నాడు. జగ్గారావు నా దవడ నొక్కి, నోరు తెరిపించి, వెలుతురుకు తిప్పి చూశాడు.

"ఏటి పంతులమ్మా, ఇంకా సాలా ఉన్నాయే. ఈపాలి వొచ్చినావంటే లెక్క తగ్గిపోద్ది."

అందరూ నవ్వారు. నా కొడుకు నవ్వలేదు. నేల చూస్తూ, "ఇంటికెల్లిపోదాం రా అమ్మా" అన్నాడు. దీపం పెట్టకుండా రానన్నాను. పెట్టాను. జగ్గారావు దాన్ని బూటుతో నలిపి, నేల మీద ఉన్న నా కుడి మణికట్టు మీద అదే బూటు పెట్టి, తన బరువంతా వేసి నిలబడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు నా కొడుకు విన్నాడు. నేను వాడి ముఖమే చూస్తున్నాను కాబట్టి నాకు తెలుసు.

ఈ అర్జీ ఎడమ చేత్తో, రోజుకు కొంచెంగా రాసినది. అక్షరాలు వంకరపోయినందుకు మన్నించాలి. నా పిల్లలెవరైనా ఇలా రాస్తే మళ్లీ రాయించేదాన్ని.

7. వెంకటరావుకు నిజం తెలుసు. ఆ రోజు వెతుకులాటలో మా పొయ్యి సందు లోలోపల రెండు ఉండలు మిగిలిపోయాయి. నాకు మార్చిలో దొరికాయి. ఒకదాన్ని వాడి ఎదుటే పొయ్యిలో పెట్టి, అగ్గిపుల్ల గీసి, మీద బొగ్గు పేర్చాను. బొగ్గు అంటుకుంది. టీ కాచి ఇచ్చాను. వాడు తాగలేదు. గ్లాసు పట్టుకుని తన చేతులనే చూసుకుంటూ కూర్చున్నాడు. గోళ్ల సందుల్లో ఎర్రదారం పోగులు ఉన్నాయి, వర్క్‌షాపు కాటన్ వేస్టువి. ఈ సంగతి జగ్గారావుకు చెప్పరా అన్నాను.

"సెప్తే ఏటవుతాదమ్మా? అది సిల్లంగిది కాకపోతే మేమేటి?"

షిఫ్టు కూత కూసింది. లేచి వెళ్లిపోయాడు. మేకులు ఎందుకు కొట్టారో, నన్ను అక్కడికి ఎందుకు పోనివ్వరో ఈ ఒక్క మాటలో ఉంది. ఇంతకంటే బాగా నేను రాయలేను.

8. ఈ అర్జీ పెడుతున్నానని వాడికి చెప్పాను. దాచి చేసే పని కాదు. ఎవరి పేరు ముందు రాస్తున్నావని అడిగాడు. నీదేనన్నాను. శ్యామల మళ్లీ నిండు నెలలతో ఉంది. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది. ఆ క్వార్టరులోనే నేనూ ఉన్నాను. ఇవేవీ వాడు అనలేదు, నేనే తలచుకున్నాను. వాడు గడప దగ్గర నిలబడి, చిన్నప్పుడు పలక చూపించేటప్పటి గొంతుతో ఒక్కటే అడిగాడు.

"అమ్మా, నా పేరు రెండోది సెయ్యవా?"

తీసెయ్యమనలేదు. రెండోది చెయ్యమన్నాడు.

నాకు ఒక్కడే కొడుకు. వాడు అడిగింది ఎంత చిన్న కోరికో నాకు తెలుసు. పట్టకారు ఎవరి చేతిలో ఉందో వాడి పేరే ముందు రావాలి. కావున: సనపల వెంకటరావు, ఫిట్టరు. తరవాత జగ్గారావు, కమ్మరి షాపు. మేకులు దొంగిలించి తెచ్చినదీ, కొట్టినదీ ఇతడే. తరవాత భద్రయ్య, రైల్వే ఉద్యోగి కానందున తమ పరిధిలోనికి రాడు, అయినా రాశాను.

9. కావున తమరు దయతో, రత్నం రైలు దిగకముందే, గ్యాంగు మనుషులను పంపి మిగిలిన పది మేకులను పెరికించవలెను. స్లీపరులోంచి లాగినట్టు ఒక్క ఊపున లాగవద్దని వారికి చెప్పవలెను. నెమ్మదిగా తియ్యాలి. కింద మనిషి ఉన్నది. గుంతలు మట్టితో పూడ్చి నీళ్లు చల్లించవలెను, కొత్తగా తీసినట్టు కనిపించకుండా. అమావాస్యనాడు మేము వెళ్లి వచ్చేదాకా రైల్వే రక్షక దళం వారిని ఇద్దరిని అక్కడ ఉంచవలెను. ఒకవేళ గ్యాంగువారు మేకులు తీస్తే ఆమె లేచి వస్తుందని జంకితే, నా మాటగా ఇది చెప్పవచ్చు. లేచి వచ్చే పనైతే పొయ్యిలు వెలిగించడానికే వచ్చి ఉండేది. ఏడాది దాటింది. మా వీధిలో ఇంకా ఆలస్యంగానే వెలుగుతున్నాయి.

మనిషిని గురించి అడగలేదు. మేకులను గురించే అడిగాను. ఈ పర్యాయం తమ పరిధిలో లేనిదేదీ ఇందులో కోరలేదు కాబట్టి, దీనిని చిత్తగించడానికి తమకు అభ్యంతరం ఉండకూడదు.

ఇంతకాలంగా తమ విధేయురాలిగానే ఉన్న,
సనపల లక్ష్మీకాంతం
(ఎడమ చేతి సంతకం)

జతపరచినవి: డాగ్ స్పైకు ఒకటి, నోటి మీద నుంచి తీసినది. ముద్ర తల కింద ఉంది. మొనకున్న మట్టి నేను కడగలేదు. పొయ్యుండ ఒకటి, మిగిలిన రెండింటిలో రెండవది. తమ ఇంట్లో పొయ్యి వెలిగించేవారి చేతికిచ్చి ఇదేమిటో అడిగి చూడగలరు.

తా.క. ఈ అర్జీని సొలొమోను స్వయంగా తెచ్చి ఇస్తాడు. జవాబు వచ్చినా రాకపోయినా పదిహేడో తేదీన రత్నాన్ని తీసుకుని నేను వెళ్తున్నాను. ఈ ఉదయం నా కొడుకు వంగి, నా మంచం కింద నుంచి పనిముట్ల పెట్టె తీసుకుని వెళ్లాడు. మేకులు తియ్యడానికో, మరి దేనికో. ఎందుకురా అని ఈసారి అడగలేదు. శ్యామల దీపానికి నూనె సీసా నింపి నా మంచం మీద పెట్టింది.

ప్రస్తుతం నా నోటిలో ఇరవై మూడు పళ్లున్నాయి. రాయి తగిలి పోయినదాన్ని ఇందులో కలపలేదు. కింది వరసలో ఒకటి కదులుతోంది, దాన్ని కలిపాను. పద్దెనిమిదో తేదీన తమరు ఎవరినైనా పంపి సరిచూసుకోవచ్చు.